డ్యూయేన్ నవ్వడం మానేసిన కేసు

"నేర ప్రపంచానికి నేను సింహస్వప్నాన్ని," అని ప్రకటించాడు నార్బర్ట్ క్రూగర్, మీసానికి అంటిన ఆవపిండి సాస్ తుడుచుకోకుండానే. ముప్పై నాలుగేళ్ళు షెబోయ్‌గన్ ఊరి వీధుల్లో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఆ సింహం సంగతి నేర ప్రపంచానికి ఇంకా తెలియదు. పాత స్నేహితుడు లాయిడ్‌కి మాత్రం బాగా తెలుసు, ఎందుకంటే సింహాన్ని కారులో తిప్పేది అతనే.

ఈసారి కేసు లాయిడ్ ఇంట్లోదే. చెల్లెలు మార్లీన్ వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మొగుడు డ్యూయేన్ ఆర్నెల్లుగా నవ్వడం లేదట. మాట్లాడితే నోటికి చెయ్యి అడ్డం. భోజనానికి ముందొకసారి, తర్వాతొకసారి బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంటాడట. జున్ను ముక్క ఇచ్చినా వద్దంటున్నాడట. జున్నుకు పేరుమోసిన విస్కాన్సిన్‌లో పుట్టినవాడు జున్ను వద్దన్నాడంటే సంసారం ఎక్కడో బీటలు వారినట్టేనని ఆమె బెంగ. ముప్పయ్యో పెళ్ళిరోజు మార్చిలో ఉంది.

"అన్నయ్యా, ఇంకెవరైనా ఉన్నారేమో కనుక్కో. ఉంటే ఉన్నారని చెప్పేయ్. ఈ అనుమానంతో నేను వేగలేను."

లాయిడ్ చేసిన తప్పల్లా ఈ మాట నార్బర్ట్ చెవిన వేయడమే.

"ఆడదీ కాదు, గీడదీ కాదు. నోరు దాస్తున్నాడంటే నోట్లో వజ్రాలున్నాయి. ఇది అంతర్జాతీయ ముఠా పని," అన్నాడు నార్బర్ట్.

"ఒరేయ్, మా బావ స్కూలు బస్సు నడుపుతాడు."

"ఎంత పకడ్బందీ ముసుగో చూశావా?"

శుక్రవారం సాయంత్రం ఊరంతా అలవాటుగా వేయించిన చేపల కోసం వీధి మూలనున్న బార్‌లో చేరింది. నార్బర్ట్ మారువేషంలో, పెట్టుడు గడ్డంతో లాయిడ్ వెంట వచ్చాడు. వడ్డించే ఆవిడ అతన్ని పేరు పెట్టి పలకరించి, ఎప్పటిలాగే పెర్చ్ చేపేనా అని అడిగింది.

పక్క బల్ల దగ్గర డ్యూయేన్ మార్లీన్‌తో కలిసి తింటున్నాడు. సగంలో ఎవరో పలకరిస్తే మొగుడూ పెళ్ళాం అటు లేచి వెళ్ళారు. మన సింహం ఒక్క గంతులో ఆ బల్ల చేరి, అక్కడ నలిగి పడున్న కాగితపు నాప్కిన్లన్నీ కోటు జేబులో కుక్కుకుంది. వేలిముద్రల కోసమట.

తిరిగొచ్చిన డ్యూయేన్ ప్లేటు పక్కన చూసి తెల్లబోయాడు. చెత్తంతా పెరట్లో డబ్బాలో పడేశామని వడ్డించే ఆవిడ చెప్పగానే, కోటైనా వేసుకోకుండా మంచులోకి పరిగెత్తాడు. అందరూ వెనకే వెళ్ళేసరికి నడుందాకా చెత్తడబ్బాలో ఉన్నాడు, కాళ్ళు మాత్రమే బయట.

"సాక్ష్యం పూడ్చిపెడుతున్నాడు. కదలకు దొంగా," అని నార్బర్ట్ గర్జించబోయాడు గానీ, చలిగాలికి పెట్టుడు గడ్డం ముక్కులో దూరి గట్టిగా తుమ్మొచ్చింది. జేబులోంచి ఒక నాప్కిన్ లాగి ముక్కు చీదాడు. అందులోంచి ఏదో జారి మంచులో పడింది. ఏమిటా అని ముందుకొచ్చి, దాన్నే తొక్కాడు.

లాయిడ్ వంగి తీశాడు. అద్దంలా తేటగా, పళ్ళ వరస ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ తొడుగు. నిలువునా పగిలింది.

"అది నాది బావా," అన్నాడు డ్యూయేన్, జుట్టులో క్యాబేజీ ముక్కలతో. ఇక దాచేందుకేం మిగల్లేదు. వంకర పళ్ళు సరిచేయడానికి డాక్టరు మూడు దారులు చెప్పాడట: పళ్ళ మీద ఇనుప తీగలు, పళ్ళ వెనక తీగలు, లేదా ఈ తొడుగులు. ముందువైపు తీగలైతే బస్సులో పిల్లలు ఏడిపిస్తారు, వెనకవైతే నాలుక గీసుకుంటుందన్నారు. తొడుగులైతే ఎవరికీ కనపడవు. తిండికి తప్ప తీయకూడదు, రెండు వారాలకో కొత్త జత. ఇవాళ తినేముందు తీసి నాప్కిన్‌లో చుట్టి ప్లేటు పక్కన పెట్టాడట.

"యాభై ఎనిమిదేళ్ళకి ఈ సోకేమిటని నవ్వుతావని చెప్పలేదు, మార్లీన్. మన పెళ్ళి ఫొటోలో మూతి బిగించుకుని నిలబడ్డాను. ఈసారన్నా పళ్ళు కనపడేలా నవ్వుదామని."

మార్లీన్ మంచులో అడుగులేస్తూ దగ్గరికొచ్చింది.

"ముప్పై ఏళ్ళుగా ఆ ఫొటో చూసినప్పుడల్లా, నన్ను చేసుకోవడం నీకు ఇష్టం లేదేమో అనుకున్నాను," అంది, అతని జుట్టులోంచి క్యాబేజీ ఏరుతూ.

పగిలినదాన్ని వదిలేసి తర్వాతి జత వేసుకోమన్నాడు డాక్టరు. మరుసటి శుక్రవారం అదే బార్‌లో, ముఠాను ఒంటిచేత్తో ఎలా పట్టుకున్నాడో నార్బర్ట్ పక్క బల్లకు వర్ణిస్తున్నాడు. మార్లీన్ సంచిలోంచి తొడుగులు పెట్టుకునే ఎర్రటి డబ్బా తీసి బల్ల నడిమధ్య పెట్టింది.

"తీసి ఇందులో పెట్టు, అందరూ చూడనీ. ఎవడు నవ్వుతాడో నేనూ చూస్తాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వింది డ్యూయేన్ ఒక్కడే, కింది పళ్ళు ఇంకా వంకరగానే ఉన్నా, నోరంతా తెరిచి.