ఏ డిస్క్ తుడవాలో అడక్కండి!

మనిషిని నాశనం చేసేది మద్యమూ కాదు, జూదమూ కాదు. ప్రశ్న! కాదంటారా? అయితే ఓసారి మా దీవుల రాజధాని సువా వచ్చి, ఒక కంప్యూటర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి చూడండి. భాష ఏది? కీబోర్డు ఏది? ఏ ఊరి టైము? ఏ డిస్క్? దాన్ని ఎన్ని ముక్కలు చెయ్యాలి? ఏ ముక్క ఎంత? ఉన్నదంతా తుడిచేస్తున్నా, నిజంగా తుడవమంటారా? పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరు కదా!

అసలే మాది అడగడంతోనే సగం ఆయుష్షు గడిచిపోయే దేశం. ఒకరి ఊళ్లో కాలు పెట్టాలంటే, దంచి నీళ్లలో కలిపి మత్తుగా తాగే యంగోనా వేర్ల కట్ట పెద్దల ముందుంచి, చాప మీద కూర్చుని, రావచ్చా అని అడగాలి. వాళ్ల నీళ్లలో చేపలు పట్టాలన్నా అడగాలి. పనయ్యాక, వెళ్లొచ్చా అని మళ్లీ అడగాలి. అడక్కుండా తీసుకునే హక్కు మేనల్లుడొక్కడికే ఉంది. వాడు మేనమామ పందిని తోలుకుపోయినా ఎవరూ నోరెత్తరు. ఇలాంటి దేశానికి, ఏమీ అడక్కుండా తన పని తాను చేసుకుపోయే యంత్రం ఎంత అవసరమో మీరే చెప్పండి.

ఆ అవసరాన్ని గుర్తించిన మహానుభావుడు ఇసిమేలి. నేను వార్తలు చదివే చిన్న రేడియో స్టేషన్లో కంప్యూటర్ల బాగోగులు అతనివే. వైరస్‌లు పట్టి అన్నిట్లోనూ లినక్స్ కొత్తగా ఎక్కించాల్సి వచ్చినప్పుడు, ఆ ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే ఒక ఫైల్లో రాసిపెట్టేశాడు. ఏ డిస్క్? మొదట కనబడింది. ముక్కలు? నీ ఇష్టం. తుడవనా? సరే. నిజంగానా? సరే అన్నానుగా! ఇక మీట నొక్కి వెళ్లిపోవడమే.

ఎక్కడికి? వెనక వరండాలో యంగోనా గిన్నె చుట్టూ చేరడానికి! ప్రగతి అంటే ఇదీ. ఒకప్పుడు మనిషి తెర ముందు కళ్లు కాయలు కాచేలా కూర్చునేవాడు. ఇప్పుడు కొబ్బరిచిప్ప చేతబట్టి కబుర్లు చెప్పుకుంటున్నాడు.

"చూశావా, మనం తాగుతుంటే అవి పని చేస్తున్నాయి!" అన్నాడు ఇసిమేలి, మీసం లేకపోయినా మెలేస్తూ.

"అవి తాగుతుంటే మనం పని చేసే రోజు రాకుంటే చాలు," అన్నాను.

కంప్యూటర్లన్నీ వరసగా కొత్తవైపోయాయి. వాటిలో తలా ఒక్క డిస్కే ఉంది కాబట్టి, మొదటిది ఏదన్న గొడవే రాలేదు. చివరికి మెరెవాయి బూబూది మిగిలింది. బూబూ అంటే అమ్మమ్మ. మా స్టేషన్ మొత్తానికి ఆవిడే అమ్మమ్మ. ఆదివారం పాటల కార్యక్రమం ఆవిడదే. ఆ పాటలన్నీ కంప్యూటర్‌కు బయట తగిలించిన ఇంకో డిస్క్‌లో ఉండేవి.

ఆ పాటల్లో ఆవిడ తమ్ముడు సెవనాయా గొంతు ఉంది. ఆయన జీవితమంతా చర్చి బృందంలో పాడాడు, జీవితమంతా శ్రుతి తప్పే పాడాడు. బృందమంతా పైకి వెళ్తుంటే ఆయనొక్కడూ నింపాదిగా కిందికి దిగేవాడు. బూబూ ఆయన్ని తిట్టని ఆదివారం లేదు. ఆయన పోయి నూరు రాత్రులు నిండే రోజు దగ్గరపడింది. ఆ రోజు విందు పెట్టి, దుఃఖానికి సెలవు చెప్పాలి. అప్పుడు ఆ పాట అందరికీ వినిపించాలని ఆవిడ కోరిక.

ఇసిమేలి మీట నొక్కి వరండాలోకి వచ్చేశాడు. యంత్రం అటూ ఇటూ చూసింది. దాని కంటికి మొదట కనబడింది ఆ బయటి డిస్కే! తుడిచింది. ముచ్చటగా మూడు ముక్కలు చేసింది. ఆ కొలతలు చూస్తే ఏ సర్వేయరైనా ముద్దు పెట్టుకుంటాడు. వైరస్‌లతో కుళ్లిపోయిన లోపలి పాత డిస్క్ మీద మాత్రం ఈగ వాలనివ్వలేదు. ఎవర్నీ ఒక్క మాట అడిగి విసిగించలేదు. అచ్చం మేనల్లుడే!

కాపీ లేదా అంటారా? ఎందుకు లేదు! అదే డిస్క్‌లో, ఇంకో ఫోల్డర్లో.

మా దగ్గర క్షమించమని అడగడానికీ ఒక పద్ధతుంది. ఇసిమేలి యంగోనా కట్ట పట్టుకుని బూబూ ఇంటికి వెళ్లాడు, తోడుగా నేనూ వెళ్లాను. చాప మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"తప్పయిపోయింది బూబూ. మీ తమ్ముడి పాట పోయింది."

"నువ్వు తుడిచేశావురా?"

"నేను కాదు, కంప్యూటర్ తుడిచేసింది."

"మరి నువ్వొచ్చావేం? దాన్నే రమ్మను."

నవ్వబోయాం. ఆవిడ నవ్వలేదు. చచ్చినట్టు వెళ్లి కంప్యూటర్ మోసుకొచ్చి, ఆవిడ ముందు చాప మీద పెట్టి, వైరు తగిలించాం. పని విజయవంతంగా పూర్తయిందని అది తెర మీద గొప్పగా ప్రకటించింది.

"చేసేముందు నిన్నేమైనా అడిగిందా ఇది?" అంది బూబూ.

"లేదు బూబూ. అడగొద్దని నేనే రాశాను," అన్నాడు ఇసిమేలి.

"అయితే ఆ కట్ట ఇలా ఇయ్యి. తప్పు నీదే." ఆవిడ కట్ట అందుకుని, అరచేతులు గుల్లగా చేసి చప్పట్లు కొట్టింది. అంటే క్షమించేసినట్టే.

నూరు రాత్రుల విందుకు బృందం వచ్చింది. పాట ఎంత శుభ్రంగా వచ్చిందనుకున్నారు! ఒక్క స్వరం తప్పితే ఒట్టు. రెండు చరణాలయ్యేసరికి బూబూ లేచి నిలబడింది.

"ఆపండ్రా! ఎవరో ఒకరు తప్పు పాడండి!"

ముందుగా ఇసిమేలి ప్రయత్నించాడు. "అలా కాదురా, ఇంకా కిందికి," అంది ఆవిడ. ఆ తర్వాత అందరూ తలా ఒక రకంగా తప్పారు. కడుపుబ్బ నవ్వించారు, ఆవిడా నవ్వింది. కానీ సెవనాయా తప్పినట్టు ఒక్కరూ తప్పలేకపోయారు. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ మొహానికి అరచేతులు అడ్డం పెట్టుకుంది.

అయినా పాఠకులారా, యంత్రం తప్పేముంది? పోతే ఏడవాల్సిందేమీ మీ డిస్క్‌లో లేకపోతే, ఇసిమేలి ఫైల్ మీకు ఊరికే ఇప్పిస్తాను. కాకపోతే ఈమధ్య అతను దాన్ని కాస్త పాడుచేశాడు. డిస్క్ దగ్గరికి రాగానే అది ఇప్పుడు ఆగి, ఇదేనా అని అడుగుతుంది. ప్రగతి వెనక్కి నడవడమంటే ఇదీ! వరండాలోంచి మేమెంత పిలిచినా ఇసిమేలి రావడం లేదు. అది అడిగేదాకా దాని ముందే కూర్చుంటున్నాడు.