పెనమ్మ గోడ కడిగించిన రోజు

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చెప్పబోయేది కోపం కథ. సెగ తగిలితే నన్ననకండి.

ఒక వీధి చివర ఎర్ర ఇటుకల ఇల్లు ఉండేది. ఎర్ర ఇటుకలని ఇంటివాళ్ళు చెబితేనే తెలిసేది. చూరు నీళ్ళు కారీ కారీ ముందుగోడంతా పాచి పట్టి, అడుగు మాడిన గిన్నెలా ఉండేది. ఆ ఇంటి ఇల్లాలు పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేది. ఆవిడకు వీధి పెట్టిన పేరు పెనమ్మ. కాలిన పెనం మీద నీటిబొట్టు పడితే ఎలా చుయ్యిమంటుందో, మాట పడితే ఆవిడా అంతే. మొగుడు సిటీ బస్సు కండక్టరు. బస్సులో ఊరందరినీ "ముందుకు జరగండి" అని గద్దించేవాడు. ఇంటికొస్తే తనే పక్కకు జరిగేవాడు.

ఆ రోజు కండక్టరుకు సెలవు, పెనమ్మకు డ్యూటీ. పొద్దున్నే బకెట్టు, సబ్బు, మెత్తటి బ్రష్షు తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"సాయంత్రం అన్నయ్య వస్తున్నాడు. ఈలోగా గోడ ఎర్రగా కనబడాలి. ముందు బాగా తడపండి, తర్వాత సబ్బునీళ్ళతో మెల్లగా రుద్దండి. బట్టయినా గోడయినా ఒకటే, ఎండు మురికి మీద బలం చూపిస్తే బతకదు. విన్నారా?"

"విన్నానే."

"విన్నాననడం కాదు, ఎక్కిందా?"

ఆవిడ ఆత్రం ఊరికే కాదు. ఆవిడ అన్నకు ఇటుక బట్టీ ఉంది, తండ్రి నుంచి వచ్చిన వ్యాపారం. ఎవరో కట్టుకున్న ఆ పాత ఇల్లు వీళ్ళు కొన్న కొత్తలో అన్న చూడడానికి వచ్చి, గోడను వేళ్ళతో టకటకా కొట్టి, "బావా, ఇది ఇటుక కాదు, బిస్కెట్టు. కాలీకాలని సరుకు, రాలిపోతుంది" అన్నాడు. కండక్టరు ఊరుకోకుండా, "మీ బట్టీ సరుకు కాదుగా, నిలబడుతుందిలే" అన్నాడు. అంతే. అన్న మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయాడు. తోడబుట్టినవాడి ముఖం చూసి ఏళ్ళయింది. మొన్న ఫోను చేసి, "ఎల్లుండి వస్తా. ఆ గోడ నిలబడి ఉంటే లోపలికొస్తా, రాలి ఉంటే గేటు దగ్గర్నుంచే పోతా" అన్నాడు. ఆ మాటకు ఆవిడకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఏడుపు దాచుకుని కోపం మాత్రం పైకి తీసింది.

లాండ్రీలో మొదటి విడత దుప్పట్లు నానేసి, పెనమ్మ ఇంటికి ఫోను చేసింది.

"ఎంతవరకు వచ్చింది?"

"కిటికీ పక్కన చాపంత మేర రుద్దాను. భలే ఎర్రగా వచ్చిందే! కానీ దాని పక్కన మిగతా గోడ చూడలేకపోతున్నాం. ఇందాకటి దాకా ఇంత నల్లగా లేదు."

"ఇందాకా అంతే ఉంది. చేయి ఆడించండి."

రెండోసారి చేసేటప్పటికి ఫోనులో బర్రుమని ఒకటే మోత.

"ఏమిటా చప్పుడు?"

"అదా? మిక్సీ."

"మిక్సీ పాడై మూలన పడి ఉందిగా!"

"బాగుచేశాను."

పెనమ్మ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి దానికేసి చూసింది. పెళ్ళయినప్పటి నుంచి బల్బు మార్చని మనిషి మిక్సీ బాగుచేశాడట! "మెత్తటి బ్రష్షుతోనేగా కడుగుతున్నారు?" అని అరిచింది. "మెత్తగానే, మెత్తగానే" అంటూ ఆయన ఫోను పెట్టేశాడు. ఆవిడ చేతిలో ఉన్న దిండు గలీబును, అది మొగుడే అన్నట్టు మెలితిప్పి పిండింది.

మూడో ఫోను ఆయనే చేశాడు. గొంతులో వినయం పొంగిపొర్లుతోంది.

"ఏమే, ఇటుకకీ ఇటుకకీ మధ్య సిమెంటు ఎంత లోతుంటుందంటావ్?"

"ఎందుకు?"

"ఊరికే. తెలుసుకుందామని."

"ఇన్నేళ్ళూ లేని జిజ్ఞాస ఇవాళ ఎందుకండీ? ఏం చేశారు?"

ఆయన ఫోను పెట్టేశాననుకుని జేబులో వేసుకున్నాడు. లోపలి నుంచి ఎదురింటి సలహాల బాబాయి గొంతు స్పష్టంగా వినబడింది. ఈ బాబాయికి కార్లు కడిగే షెడ్డు ఉంది. కార్ల కన్నా మనుషులకు ఎక్కువ సలహాలు పోస్తాడు. "కంగారుపడకోయ్! నా పంపుకి పాచి పోయిందా లేదా? కాస్త ఇసక రాలితే రాలింది. మిగిలిన మరకలకి యాసిడ్ తెస్తానుండు, దెబ్బకి తెల్లబడుతుంది."

"ఎర్రగోడ తెల్లబడడమేమిట్రా నాయనా!" అని పెనమ్మ కేక పెట్టింది. లాండ్రీ మొత్తం ఆగి చూసింది. అప్పుడే ఇస్త్రీ చేసే పిల్ల పరుగున వచ్చింది. వాళ్ళది పెనమ్మవాళ్ళ పక్క వీధి.

"అక్కా, మీ ఇల్లు కూలుస్తున్నారంట కదా! మా అమ్మ ఇప్పుడే ఫోను చేసింది. మోతకి మా వీధోళ్ళందరూ గుమిగూడారంట. సగం పడిపోయిందంటున్నారు."

పెనమ్మ ఏప్రన్ కూడా విప్పలేదు. ఆసుపత్రి ముందు ఆటో ఎక్కి, దారి పొడుగునా డ్రైవరుకు మొగుణ్ణి తిట్టి వినిపించింది. తనకేం సంబంధం లేకపోయినా డ్రైవరు "తప్పేనమ్మా, తప్పే" అంటూ బండి పరిగెత్తించాడు.

ఇల్లు కూలలేదు. కూలినా అంత కోపం వచ్చేది కాదేమో. గోడ ఎర్రబడిన మాట నిజమే, కానీ ఇటుకల మధ్య సిమెంటు ఇసకై కారి, పళ్ళూడిన చిగుళ్ళలా సందులు తేలాయి. నీళ్ళు గవాక్షంలోంచి దూరి, అన్న కోసం పరిచిన కొత్త దుప్పటి మీద బురద పోశాయి. పాచి ముక్కలు ఎగిరి పక్కింటావిడ ఆరేసిన బట్టలన్నిటి మీదా అతుక్కున్నాయి. ఆవిడ చీర పట్టుకుని గేటు దగ్గర నిలబడింది, తిట్టడానికి వంతు కోసం. మధ్యలో కండక్టరు చేతిలో పంపు గొట్టం బుసకొడుతోంది. పక్కన బాబాయి యాసిడ్ సీసా మూత తిప్పుతున్నాడు.

పెనమ్మ మొదట సీసా లాక్కుంది. "ఇంకోసారి మూత తీశారో, బాబాయిగారూ, మీ కార్లన్నిటికీ దీంతోనే స్నానం చేయిస్తా!"

"మంచికి చెప్తే..."

"మీ మంచి మీ గోడకి చెప్పుకోండి! మీ గోడకెందుకు కొట్టలేదూ ఈ పంపు?" ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "మిక్సీయా? ఇదా మిక్సీ? దుప్పటి మీద కూడా రుబ్బారా? మా అన్న గేటు దగ్గర నిలబడి నవ్వి పోవాలి, అదేగా మీకు కావాల్సింది!"

"అది కాదే, ఆయన నవ్వకూడదనే త్వరగా..."

"ఆపండి ముందు!"

మాట ఆపమందో పంపు ఆపమందో తేల్చుకోలేక ఆయన రెండూ ఆపబోయాడు. గొట్టం చేయి జారి పాములా మెలికలు తిరిగింది. నీటిధార గోడకు తగిలి, కిటికీ కింది వరసలో చివరి ఇటుక ఊడి ధడాలున గచ్చు మీద పడింది. ధార అక్కడితో ఆగక గేటు దాకా వెళ్ళి, అప్పుడే సంచీ చంకన పెట్టుకుని రొప్పుతూ వచ్చిన పెద్దమనిషిని నెత్తి నుంచి పాదాల దాకా తడిపేసింది. పంపు ఆగింది. ఆ పెద్దమనిషి అన్న.

"చెల్లీ! బాగానే ఉన్నావా?" అన్నాడు నీళ్ళు కారుతూ. "బస్టాండులో అడ్రసడిగితే ఆ ఇల్లు పొద్దునే కూలిపోయిందన్నారు. పరిగెత్తుకొచ్చాను."

ఒక్క క్షణం ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. అన్న మాత్రం చెల్లెలు నిలబడి ఉందని తెలియగానే గోడ చూశాడు, ఊడిన ఇటుక చూశాడు, ఉత్సాహం పట్టలేకపోయాడు.

"చెప్పానా లేదా! బిస్కెట్టని ఆనాడే చెప్పానా! చూడు బావా, నీ ఇంటి సరుకు. చేత్తో నలిపేస్తా చూడు."

ఇటుక అందుకుని నలిపాడు. నలగలేదు. గేటు స్తంభానికేసి కొట్టాడు. కంగున మోగింది, అంచు కూడా విరగలేదు. పక్కింటావిడ తన వంతు మరిచిపోయి దగ్గరికొచ్చింది. గోడలో కప్పబడిపోయి ఉండే అడుగువైపు తిప్పి అన్న బురద తుడిచాడు. అక్కడ అచ్చు వేసిన చేప బొమ్మ తేలింది. అన్న ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏమిటది?" అన్నాడు కండక్టరు.

పెనమ్మ తొంగిచూసి అన్న చేతిలోంచి ఇటుక లాక్కుంది. "చేప గుర్తు. మా నాన్న ఉన్నప్పుడు మా బట్టీలో వేసిన అచ్చు!" అంది. ఇక చూడండి, అప్పటిదాకా మొగుడి మీద కాలిన పెనం అన్న వైపు తిరిగింది. "మన నాన్న కాల్చిన ఇటుకనా నువ్వు బిస్కెట్టన్నావు? దీని కోసమా ఇన్నేళ్ళు నా గడప తొక్కలేదు? ఆ రోజు కొట్టి చూసింది గోడనా, నీ తలకాయనా?"

"పాచి కింద పోల్చుకోలేకపోయానే..."

"పోల్చుకోలేనివాడివి నోరెందుకు జారావు!"

కండక్టరు నవ్వబోయాడు. ఆవిడ చూపు పడగానే ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. అన్న తల దించుకుని, తడి చెప్పులు గుమ్మం బయట విప్పి, ఎవరూ రమ్మనకుండానే లోపలికి నడిచాడు. ఆ బురద దుప్పటి మీదే కూర్చుని, ఇటుక ఒళ్ళో పెట్టుకుని, మంచినీళ్ళడిగాడు. పెనమ్మ గ్లాసు ఠప్పున ముందు పెట్టి, రెండోది నింపడానికి వంటింట్లోకి వెళ్ళి, అక్కడ చాలాసేపు ఉండిపోయింది.

మర్నాటి నుంచి అన్న సిమెంటు కలపడం, బావ అందించడం. ఇద్దరినీ ఆవిడ తిట్టడం. గోడ మాత్రం చక్కగా కుదిరింది.

ఈ కథ గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. గోడ కడగబోయేవాళ్ళకైతే మాత్రం కడగకముందే చెప్పండి.