నలభై ఒక్క లిఫ్టులు, ఒక టిక్కు

ఆ పొద్దున ఫిర్యాదులమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. కంప్యూటర్లో తెరిచి ఉన్న పదకొండు కిటికీలనూ ఒకే కిటికీలోకి తేవాలి. ఆమె అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో భద్రంగా ఉంది, దాన్నెవరూ వాడరు. లిఫ్టుల కంపెనీకి వచ్చే ఫిర్యాదులు ఇంట్లో కూర్చుని అందుకోవడం ఆమె ఉద్యోగం. నలభై ఒక్క భవనాలవాళ్ళు రెండు రకాల మెసేజింగుల్లోనూ, మెయిల్లోనూ, కంపెనీ వెబ్‌సైటులోనూ ఆమె ప్రాణం తోడేస్తుంటారు. లిఫ్టు బాగుపడ్డాక మాత్రం ఒక్కరూ పలకరించరు.

అయితే ఆమె బెంగ ఫిర్యాదుల గురించి కాదు. అమ్మ కుట్టుమిషను దగ్గర మాటా మాటా పెరిగి, అక్కతో మాటలు లేక ఎనిమిది నెలలైంది. వారం కిందట అభిమానం దిగమింగుకుని, "మిషను నువ్వే ఉంచుకో అక్కా. ఒక్కసారి రా" అని రాసింది. జవాబు కనబడలేదు. వచ్చి, ఈ గోలలో ఎక్కడో పడిపోయి ఉంటుందని ఆమె ఆశ. అన్నీ ఒకచోట పెట్టుకుంటే దొరుకుతుంది కదా!

మొదట పెట్టి చూసిన అప్లికేషను మెసేజికో గంట కొట్టింది. పావుగంటలో తల దిమ్మెక్కిపోయింది. రెండోది మీకు ఇష్టమైన రంగేమిటని అడిగింది. ఈ మధ్య ఆమె ఇష్టాయిష్టాలు అడిగినవాళ్ళెవరూ లేరు కాబట్టి, కాస్త మురిసిపోయి, బాగా ఆలోచించి, ఆకుపచ్చ అని చెప్పింది. అది వెంటనే బిగుసుకుపోయింది. మూడోది నెమ్మదస్తురాలు. అన్ని సర్వీసులనూ ఎడమపక్క బుద్ధిగా వరసన నిలబెట్టి, పరీక్షగా ఏదైనా రాసి పంపమంది.

రోజూ మెకానిక్కుల హాజరు కోసం రాసే మాటే ఆమె వేళ్ళకు అలవాటు. "ఎవరైనా ఉన్నారా?" అని కొట్టి పంపింది. కింద "అన్నిచోట్లకీ" అన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉంది. ఆమె చూసుకోలేదు.

కంపెనీ నుంచి అర్థంకాని కబురు వస్తే ముందు లిఫ్టు ఆపాలి, తర్వాత అడగాలి. ఆపిన లిఫ్టును మెకానిక్కు స్వయంగా చూస్తే తప్ప నడపకూడదు. ఈ రెండు నియమాలూ రాసి, ప్రతి భవనంలోనూ గోడకు అంటింపజేసిన మనిషి ఫిర్యాదులమ్మే. ఆమె మాట అందరూ తు.చ. తప్పకుండా పాటించిన మొదటి రోజు అదే. పది నిమిషాల్లో నలభై ఒక్క లిఫ్టులూ ఆగాయి.

కంగారుపడి "పొరపాటు, పట్టించుకోకండి" అని పంపింది. దాంతో ఆ భవనాల్లో అంతవరకూ పట్టించుకోని జనం కూడా పట్టించుకున్నారు. ఒక భవనంలో కొత్త పరుపు మోసుకెళ్తున్న పెద్దమనిషి, ఓపిక చచ్చి, మెట్ల మలుపులో దాన్ని పరిచి పడుకున్నాడట.

మెకానిక్కుల పెద్ద మేస్త్రి ఫోను చేశాడు. "అమ్మా, మేం నలుగురమే! ఏ లిఫ్టుకని పరిగెత్తమంటారు?"

ఆ ఫోను పెట్టగానే మేనేజరు చేశాడు. "ఎవరు ఇరుక్కున్నారమ్మా?"

"ఎవరూ ఇరుక్కోలేదండీ."

"మరి ఎవరైనా ఉన్నారా అని అడిగిందెవరు?"

"నేనేనండీ."

"ఎందుకూ?"

పరీక్షకని చెప్పొచ్చు. కానీ "తప్పైపోయిందండీ" అని మాత్రం అంది. మేనేజరు "సరే, వరస జాబితా వేసి మేస్త్రికి పంపండి" అని పెట్టేశాడు.

కిటికీ నెత్తిన మూడు వందల పన్నెండు కొత్త మెసేజులు. అన్నీ తిట్లే. వాటి మధ్య అక్క జవాబు కోసం అన్నిచోట్లా వెతికింది. ఎక్కడా ఏమీ పడిపోలేదు. అక్క చదివింది, జవాబివ్వలేదు, అంతే. పదకొండు కిటికీలుండగా ఆశైనా ఉండేదనుకుని, కళ్ళు తుడుచుకుని జాబితా వేయడానికి కూర్చుంది.

సాయంత్రం బెల్లు మోగింది. తిట్టడానికి మనుషులే వచ్చారనుకుంటూ తలుపు తీసింది. గుమ్మంలో అక్క, గోడ పట్టుకుని ఆయాసపడుతోంది.

"ఆరంతస్తులే! మీ కంపెనీ లిఫ్టు మీ ఇంట్లోనే పనిచెయ్యదా?"

"అక్కా... నువ్వు జవాబివ్వలేదుగా?"

"ఏం రాయాలో తోచక ఊరుకున్నా. పొద్దున ఎవరైనా ఉన్నారా అన్నావు. దానికి రాసేదేముందే, బండెక్కేశా. మిషనేమో కింద వాచ్‌మన్ దగ్గర పెట్టా. నెలకొకరి దగ్గర ఉంచుకుందాం. నా మోకాళ్ళు చచ్చిపోయాయి, లిఫ్టు నడిచేదాకా నేను దిగను, ముందే చెప్తున్నా."

అక్కకు మంచినీళ్ళిచ్చి, ఫిర్యాదులమ్మ కంప్యూటరు దగ్గరకు వెళ్ళింది. ఈసారి టిక్కు తీసేసిందో లేదో రెండుసార్లు చూసుకుని, మేస్త్రికొక్కడికే రాసింది.

"మా భవనాన్ని జాబితాలో ఆఖరున వేశాను. తొందరేమీ లేదు."