ఇసుక మేట మీద మాతాశిశు సంక్షేమం

జువ్వలదిన్నెకు దక్షిణాన ఉన్న ఒక చిన్న జాలర్ల పాలెంలో తల్లుల కష్టాలన్నీ వచ్చే మంగళవారం భోజనాల లోపు తీరిపోతాయని అధికారికంగా ప్రకటన వెలువడింది. ఇందుకోసం ఐదు సంస్థలు చేతులు కలిపి సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఏ సంస్థా ఒంటరిగా చెయ్యని పనిని అందరూ కలిసి చెయ్యకుండా ఉండటంలో ఒక నిండుదనం ఉంటుంది.

పాలెం నర్సు రెజీనా వాళ్లను అడిగింది ఒక్కటే. తారు రోడ్డు పాలెం దాకా రాదు. చివర్లో రొయ్యల గుంటల మధ్య ఇరుకు కట్ట, దాని మీద మోకాలి లోతు ఇసుక. అంబులెన్సు అక్కడే ఆగిపోతుంది. నొప్పులు పడే మనిషిని మంచం మీద మోసుకుపోవాలి. "ఆ ముక్క రోడ్డు వేయించండి సార్" అని ఆమె ప్రతి సమావేశంలోనూ లేచి చెప్పేది. సమాఖ్య కన్వీనరు టైటస్ గారు ప్రతిసారీ ఆమెను అభినందించేవారు. రోడ్డు మాత్రం ఆరోగ్యం కిందికి రాదట. బ్యానర్లు వస్తాయి, చేతులు కడుక్కునే పాట వస్తుంది, గర్భిణుల కోసం యాప్ వస్తుంది. అంబులెన్సు ఎక్కడ ఆగిపోయిందో ఆ యాప్‌లో చక్కగా కనిపిస్తుంది.

రెజీనా బెంగంతా స్వర్ణ గురించే. తొలి కాన్పు, ఒంట్లో రక్తం తక్కువ, నెలలు నిండాయి. ఆసుపత్రికి చేరకపోతే ఆ పిల్ల బతకదేమోనని రెజీనాకు నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

మంగళవారం వచ్చింది. సభ కోసం సమాఖ్య భాగస్వాముల కార్లు కట్ట మీదికి వచ్చాయి. మొదటిది ఇసుకలో దిగబడింది. అది చూస్తూనే రెండోది వెళ్లి దిగబడింది. సమన్వయానికి భంగం రాకూడదని మిగతావి కూడా అదే బాట పట్టాయి. కట్టంతా మూసుకుపోయింది. స్వర్ణకు నొప్పులు మొదలైంది సరిగ్గా అప్పుడే.

"ఎవరూ ఆందోళన చెందవద్దు," అన్నారు టైటస్ గారు మైకు అందుకుని. "తల్లి సంక్షేమమే మన ధ్యేయం. ముందుగా అధ్యక్షుల వారి కారు బయటికి తీద్దాం. ఆ వెనకే తల్లికి దారి దానంతటదే ఏర్పడుతుంది."

స్వర్ణ అత్త పిచ్చమ్మ మైకు ముందుకొచ్చి నిలబడింది. "నీ కారుకేమన్నా నొప్పులొస్తుండాయా అయ్యా? మా కోడలికొస్తుండాయి!"

మామ ముత్యాలయ్య ఒడ్డు వైపు తిరిగాడు. "కట్ట లేకపోతే సముద్రం లేదా? పడవ దించండబ్బయ్యా! జువ్వలదిన్నె హార్బరుకు పట్టుకపోదాం." హార్బరు దాకా తారు రోడ్డు ఉంది. రెజీనా వెంటనే ఫోను చేసి అంబులెన్సును అక్కడికి రమ్మంది.

పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. వల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసినవాడు ఎవడైనా సరే, చేపల్లో వాటా ఉంటుంది. ఆ సంగతి భాగస్వాములు ఎలా పసిగట్టారో గానీ, పడవను నీళ్లలోకి నెట్టేటప్పుడు అందరూ ప్యాంట్లు మడిచి, కెమెరా వైపు తిరిగి, తలా ఒక చెయ్యి వేశారు. టైటస్ గారు బ్యానరు కూడా కట్టించారు. పిచ్చమ్మ దాన్ని ఊడబీకి కోడలికి ఎండ తగలకుండా పట్టుకుంది. సమాఖ్య ఇచ్చినవాటిలో తల్లికి పనికొచ్చింది అదొక్కటే.

దారిపొడుగునా స్వర్ణ చెయ్యి వదలకుండా రెజీనా ప్రార్థన చేస్తూనే ఉంది. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. రెజీనా వరండాలో కూలబడి భోరుమని ఏడ్చింది.

"యాడవబాకమ్మా," అంది పిచ్చమ్మ. "పడవ మీద చెయ్యేసినోళ్లకు వాటా ఇయ్యాల గదా. ఉచ్చగుడ్డలుండాయి, పంపిద్దామా?" రెజీనా కళ్లు తుడుచుకుని పగలబడి నవ్వింది.

తరువాతి సమావేశం నెల్లూరులో, రోడ్డు బాగున్న హోటల్లో జరిగింది. భాగస్వాములు ప్రారంభించిన 'జల అంబులెన్సు' విజయవంతమైనందున, సముద్ర మార్గం అందుబాటులో ఉన్నందున, పాలెం రోడ్డు అవసరం లేదని ఏకగ్రీవంగా తీర్మానించారు.

రెజీనా లేచింది. "తుఫానొస్తే ఎట్ట సార్?"

మంచి ప్రశ్న అని టైటస్ గారు మెచ్చుకున్నారు. అక్కడికక్కడే ఇంకో తీర్మానం చేశారు: తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో కాన్పులు పెట్టుకోరాదని తల్లులకు అవగాహన కల్పించాలి.

పడవ ఫొటోతో ఆ సూచనను పోస్టరుగా వేసి ఫోన్లలోకి వదిలారు. కింద వేలమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. రోడ్డు సంగతేమిటని ఒక్కరైనా అడిగారేమోనని రెజీనా చివరిదాకా వెతికింది. అడిగినవాళ్లు లేరు. ఇది చదువుతున్న మీ చప్పట్లు మాత్రం కనిపించాయి.