కమిసారియో తోక

ఆ ఉదయం దొన్ ఎవారిస్తో అనుకున్న పని చాలా చిన్నది. మాతే ఆకుల టీ తాగి, గడ్డం గీసుకుని, తన ఆబోతు కమిసారియో తోక నుంచి నాలుగు వెంట్రుకలు పీకి జన్యు పరీక్షకు పంపడం. ఆ పరీక్ష లేనిదే టాకువరెంబో ఊళ్ళో జరిగే పశువుల ప్రదర్శనలో బరిలోకి రానివ్వమని పెంపకందారుల సంఘం కొత్తగా రూలు పెట్టింది. ఎవారిస్తో జీవితమంతా హెర్‌ఫర్డ్ జాతి పశువుల్ని పెంచాడు గానీ మొదటి బహుమతి ముఖం చూడలేదు. ఈసారి తెచ్చి తీరతానని ఊరంతా చాటాడు.

ఆయన గడ్డం గీసుకుంటూ ఉండగా భార్య నెలిదా కొట్టంలోకి వెళ్ళి లబోదిబోమంది. రాత్రి దూడలు కమిసారియో తోక కుచ్చును నమిలి పారేశాయి. మొగుడికి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. వంటింటి గోడకు, కిందటేడు కోసుకుని తిన్న పాలోమా అనే ఆవు తోక ఎండి వేలాడుతోంది. ఆమె దువ్వెనలు గుచ్చుకునేది దానికే. గబగబా దువ్వెనలు పీకేసి, ఆ కుచ్చును చర్మంతో సహా జిగురు పూసి ఆబోతు తోకకు అతికించింది.

ఎవారిస్తో చూసి మురిసిపోయాడు. "ఎంత ఒత్తుగా ఉందో చూడవే! వెంట్రుకలు నేనే పీకుతా."

"ఏవండీ, ఒక్క మాట..."

"శుభమా అని పని మొదలెడుతుంటే అడ్డొస్తావేం?"

కొన్నాళ్ళకు ల్యాబ్ నుంచి ఫలితం వచ్చింది. పంపినది ఆవు వెంట్రుకలట! ఎవారిస్తో కళ్ళలోంచి నిప్పులు రాలాయి. వెంటనే ఫోన్ అందుకున్నాడు.

"నా కమిసారియో ఆవా? ఏమ్మా, ఒక్కసారి వచ్చి వాణ్ణి వెనకనుంచి చూడు, చాలు!"

"పొరపాటున పక్కనున్న ఆవువి పీకారేమోనండీ," అంది ల్యాబ్ అమ్మాయి.

"తల నెరిసినా నాకు ఆవేదో ఆబోతేదో తెలీదంటావా?"

"ఏవండీ, ఆ తోక..." అంది నెలిదా.

"నువ్వూరుకో! ఇది మగాళ్ళ పరువు!"

ఎలా పొక్కిందో, కబురు ఊరంతా పాకింది. పొరుగు ఆసామి గుమెర్సిందోకు ఇంతకన్నా పండగేముంది? ఆయన ఆబోతు తోక నేలను ఊడుస్తుందని పేరు. "మీ కమిసారియో పూటకెన్ని పాలిస్తోంది బావా?" అని నలుగురిలో అడిగేశాడు. ఇంత అవమానం ఏ మనిషి భరిస్తాడు! పట్టపగలు, బరి మధ్యలో, మళ్ళీ వెంట్రుకలు పీకి చూపిస్తానని ఎవారిస్తో శపథం చేశాడు.

ప్రదర్శన రోజున నెలిదా ఆయన చొక్కా పట్టుకుని ఆపబోయింది. "తర్వాత!" అని విదిలించుకుని బరిలోకి దూకాడు. న్యాయనిర్ణేత ముందు తోక పట్టుకుని, కసికొద్దీ ఒక్క గుంజు గుంజాడు. కుచ్చు ఊడి చేతికొచ్చింది. ముందుగా నవ్వింది గుమెర్సిందోయే.

"నెలిదా! నాకెందుకు చెప్పలేదు?"

"నోరు తెరిచినప్పుడల్లా మూయించారుగా!"

ఎవారిస్తో సిగ్గుతో చచ్చిపోవాల్సింది. కానీ ఆ నవ్వు చెవిన పడేసరికి ఒళ్ళు మండింది. ఊడిన కుచ్చును జెండాలా ఎత్తి అరిచాడు. "నాదొక్కటే ఎందుకు? అందరివీ లాగండి! ముందు గుమెర్సిందోది!"

నవ్వు టక్కున ఆగిపోయింది. గుమెర్సిందోకు ఉన్నట్టుండి తన ఆబోతుకు ఎండ పడదని గుర్తొచ్చింది. ఇంకొకాయనకు ఇంటి దగ్గర పని తగిలింది. చూస్తుండగానే బరి ఖాళీ అయింది. పరీక్షకు కమిసారియో చెవి ముక్క తీసుకుంటూ పశువుల డాక్టరు నవ్వు కనబడకుండా తల పైకెత్తనే లేదు.

ఆ ఏటి మొదటి బహుమతి తోక కుచ్చు లేని ఆబోతుకు వచ్చింది. బరిలో మిగిలింది అదొక్కటే.