ఎనిమిది సిలిండర్ల తలంబ్రాలు

మలయాకు మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన మరుసటి ఏడు, ఒక ఉదయాన రబ్బరు తోట గుమాస్తా కాంతయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది: కూతురు గుణవతిని కారెక్కించి ముహూర్తానికి సుంగై పెటాని టౌనులోని గుడికి చేర్చడం. కారే చిన్నది కాదు. చీనా రబ్బరు వ్యాపారి దగ్గర అరువు తెచ్చిన అమెరికా బండి. వెనక సొరచేప రెక్కలు, ముందు వెండి పళ్లు, లోపల నాలుగటూ నాలుగిటూ ఎనిమిది సిలిండర్లు. అది ఒక్కసారి గర్జిస్తే గాటు పెట్టకుండానే చెట్లు పాలు కార్చేవట!

చిక్కల్లా తలంబ్రాల దగ్గర వచ్చింది. అడవిలోని తిరుగుబాటుదారులకు తిండి అందకూడదని సర్కారు తోట గేటు దాటి బియ్యం పోనిచ్చేది కాదు. దొరికితే జైలే. వండిన అన్నానికి మాత్రం అడ్డు లేదు, పూటకే పాచిపోతుంది గనుక.

"టౌనులో కొందామే," అన్నాడు కాంతయ్య.

"అంగడి బియ్యంతో పిల్ల పెళ్లి సేస్తావేటయ్యా? పుట్టింటి గింజ పడకపోతే మగపెళ్లోరు పీటల మీంచి లేచిపోతారు!" అంటూ భార్య రత్నావతి పసుపు బియ్యం బిందె చేతికిచ్చింది.

ఆ డిక్కీలో ఒక కాపురం పెట్టొచ్చు. అందుకే పోలీసులు ముందు అదే వెతుకుతారు. కాంతయ్య తెలివిగా బానెట్ ఎత్తాడు. అంత ఇంజను పట్టాక కూడా రేడియేటరు పక్కన మేక పడుకునేంత చోటుంది. బిందెకు పలచటి గుడ్డ కట్టి అక్కడ ఇరికించాడు.

గేటు దగ్గర లారీలు బారు తీరాయి. "అయ్యా, ఇంజను కాగిపోతా ఉంది. ఆపేదా?" అన్నాడు డ్రైవరు షణ్ముగం.

"ఆపితే అనుమానపడతారు లా! నవ్వుతా కూకో," అన్నాడు కాంతయ్య, మలయా వాళ్ల ఊతపదం 'లా' తగిలించి.

ఫట్‌మని రేడియేటరు గొట్టం ఊడింది. మరిగే నీళ్లు తిన్నగా బిందెలోకే దూకాయి. బానెట్ ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. బారు కదిలి తమ వంతు వచ్చేసరికి కారంతా అన్నం వాసన.

మలాయ్ సార్జెంటు బానెట్ ఎత్తించి గుడ్డ విప్పాడు. కాంతయ్య కళ్లు మూసుకున్నాడు.

"నాసి కున్యిత్!" సార్జెంటు మొహం విప్పారింది. "పసుపన్నం! మా పెళ్లిళ్లలోనూ ఇదే." ఓ మెతుకు నోట్లో వేసుకుని, "ఉప్పు మరిచారు లా," అన్నాడు. తనే గొట్టం బిగింపించి, నీళ్లు పోయించి, సలాం కొట్టి పంపాడు.

చుట్టాలతో ముందే గుడికి చేరిన రత్నావతి బిందె చూసి కూలబడింది. "ఓలమ్మో! తలంబ్రాలుడికిపోనాయి!"

"ఇదేటి సంబడం వొదినా?" అంటూ పెళ్లికొడుకు తల్లి జయమణి లేచింది.

కాంతయ్య చేతులు జోడించాడు. "పుట్టింటి గింజేనమ్మా, ఒట్టు! దారిలో ఇంజను వండీసినాది!"

అంతదాకా తల దించుకున్న గుణవతి పకపకా నవ్వేసింది. ఆ నవ్వు చూసిన పెళ్లికొడుకు తల ముందుకు వంచాడు. "నువ్వే ముందు పొయ్యి. సల్లారిపోతే బాగోదు."

జయమణి మళ్లీ కూర్చుంది.

భోజనాలయ్యాక ఊరంతా చేతులు కడుక్కుంటే, వధూవరులు తలంటుకున్నారు.