వీధి మూల గుమ్మడికాయ

గుడియాత్తంలో చెంగల్రాయలు మేడమీది పోర్షనుకు ఎవరూ కుదరకపోవడానికి కారణం ఒక్కటే, ఇంటి పక్క మూలలో పేరుకునే చెత్తకుప్ప. మున్సిపాలిటీ బండి వస్తే వస్తుంది, లేకుంటే లేదు. వీధి జనం మాత్రం అక్కడ చెత్త పోయడం ఒక్క పూట తప్పరు. వేలూరు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు పార్థిబన్ ఆ రోజు పొద్దున్నే ఇల్లు చూడటానికి వస్తానన్నాడు. ఈయన కూడా ముక్కు మూసుకుని పోతే మేడమీదికి తన తమ్ముడే వస్తాడని భార్య చెంగమ్మ ఎప్పుడో తేల్చి చెప్పింది. బావమరిది పేరు వింటేనే చెంగల్రాయలుకు వణుకు.

అదృష్టం కొద్దీ ముందురోజే బండి వచ్చి మూలను ఊడ్చిపెట్టింది. దాన్ని అట్లాగే కాపాడుకుంటే చాలు. తెల్లవారుతూనే చెంగల్రాయలు బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, కుంకుమ పూసి, నాలుగు నిమ్మకాయలతో సహా ఆ మూలలో పెట్టి వచ్చాడు.

"ఇదేంది, ఎవురికి దిష్టి?" అంది చెంగమ్మ.

"దిష్టి గాదు, కావిలి. ఇంక ఎవుడేస్తాడో చెత్త, చూస్తా!"

ఎవరూ వేయలేదు. ఎదురింటి చిన్నమణి సంచితో మూలదాకా వచ్చి, నిమ్మకాయలు చూసి, వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాడు. కిటికీలోంచి అది చూసి చెంగల్రాయలు మీసం దువ్వుకున్నాడు.

అంతలో చెత్తబండి సరసమ్మ వచ్చింది. గుమ్మడికాయను చూసి చెంగల్రాయలు గేటు దగ్గరే బ్రేకు వేసింది.

"ఎవురో ఏందో చేసి పెట్టినారమ్మా! బిడ్డలు గలదాన్ని, నేను ఆ పక్కకు రాను. ఇంక మీద అందురూ ఈ అన్న గేటుకాడే పెట్టండి. ఈడికొచ్చి ఎత్తుకుంటా."

వీధికి ఈ ఏర్పాటు బాగా నచ్చింది. బకెట్లు, సంచులు, కొబ్బరి మట్టలు, చిరిగిన పరుపు ఒకటి, అన్నీ గేటు ముందుకు చేరాయి. సగానికే బండి నిండింది. "మిగతాది నాళైకి, రేపొచ్చి ఎత్తుకుంటా," అని సరసమ్మ వెళ్లిపోయింది.

"ఒట్టి గుమ్మడికాయకు ఇంత బయమా? నేనే తీసి పారేస్తా ఉండండి!" అంటూ చెంగల్రాయలు మూలకేసి దూకాడు.

చిన్నమణి చెయ్యి పట్టుకుని ఆపాడు. "వేణాం అన్నా, వద్దు! ఇంకెవురు ముట్టినా దోషం తగులుకుంటాది. పెట్టినోడు తీస్తే మట్టుకు ఏమీ కాదు." ఆగి, అనుమానంగా చూశాడు. "ఏమన్నా, నువ్వు తీస్తావా?"

వీధి మొత్తం చెంగల్రాయలు మొహంలోకే చూసింది.

"నాకేం పని?" అని ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పార్థిబన్ ఆటో దిగాడు. పరుపు దాటి, మట్టల మీద కాలు జారి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"సార్, ఇది మా చెత్త గాదు!"

"మీ గేటు ముందరే గదా ఉండాది?"

జరిగింది చెప్పేద్దామని చెంగల్రాయలు నోరు తెరిచాడు. చిన్నమణి ఇంకా తననే చూస్తున్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

పార్థిబన్ అటు తిరిగి ఎదురిల్లు చూశాడు. కడిగిన వాకిలి, తాజా ముగ్గు, చీపురుపుల్ల కూడా లేదు.

"ఆ ఇంటోళ్లు ఎంత నీటుగా పెట్టుకున్నారు! ఆడేమన్నా రూములుండాయా?"

"ఎందుకు లేవు సార్? రాండి, రాండి," అన్నాడు చిన్నమణి.

చెంగమ్మ అప్పటికే తమ్ముడికి ఫోను కలిపింది.

వారం తిరగకుండా పార్థిబన్ ఎదురింట్లో దిగాడు. చదువుకున్న మనిషి కాబట్టి, తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా కట్టి తెచ్చి మరీ చెంగల్రాయలు గేటు ముందు పెట్టి వెళ్తున్నాడు.